మైలోడు తల ఎందుకు వాల్చాడు

సూది దిగిన కాసేపటికి మైలోడి తల నిటారుగా లేచింది.

జరిగింది అంతే. ఒక ఎద్దు తల ఎత్తడంలో ఏముందని అడిగేవాళ్లు ఉంటారు. కానీ ముత్తుకూరు దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో, సరుగుడు తోపుల పక్కనున్న ఆ పెరట్లో మాకెవరికీ అది చిన్న సంగతి కాదు. నెలల తరబడి ఆ తల కుడివైపుకు వాలిపోయి ఉంది. అది దాని వాటమని కొందరు, పొగరని కొందరు తేల్చేశారు. ఆ పొగరు పడలేకే మర్నాడు దాన్ని అమ్మేయబోతున్నారు. అలాంటి సమయంలో పశువుల డాక్టరు సుజాత దాని కంటికీ కొమ్ము మొదలుకూ నడుమ సూది గుచ్చి, ఒకే ఒక్క నరం మొద్దుబారేలా మందు ఎక్కించింది. అంతవరకూ ఈగ వాలినా తల విదిల్చి మీదికొచ్చిన ఎద్దు మెడ సాచింది, తల సరిగ్గా నిలబెట్టింది, చెవులు ఆడించి మా వైపు చూసింది.

దాన్ని పెంచిన రవణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నొప్పా నాయనా నీకు? ఇన్నాళ్లూ నొప్పేనా? పొగరు కాదా?"

పత్రికల్లో ఉన్న రోజుల్లో తుఫానులు చూశాను, ఎన్నికల లెక్కింపులు చూశాను. ఒక పశువు తల ఎత్తితే గుండె ఇంత వేగంగా కొట్టుకోవడం మాత్రం అదే మొదటిసారి. ఆ పెరటికి ఎలా చేరానో మొదటి నుంచి చెబుతాను.

బిట్రగుంటలో కారం దోసె

మాది రాజమండ్రి. సుజాత, నాతో పాటు డెస్కులో పనిచేసిన మిత్రుడి కూతురు. నెల్లూరు తీరం వెంట ఊళ్లు తిరిగి పశువులకు వైద్యం చేస్తుంది. గడ్డలు లేచిన పశువులకు నొప్పి ఎలా తెలుస్తుందో రాద్దామనుకుంటున్నానని ఫోనులో చెబితే నవ్వింది. "ఫోనులో కుదరదు బాబాయ్. కొన్ని గడ్డలు పశువును చంపుకు తింటాయి, కొన్ని చప్పుడు చెయ్యకుండా పెరుగుతాయి. వచ్చి నాతో తిరగండి" అంది.

ఒక ఉదయం బిట్రగుంటలో రైలు దిగాను. పాత రైల్వే కాలనీ వీధులు విశాలంగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. సగం క్వార్టర్లకు తాళాలు. ఊరి సందడంతా స్టేషను బయటి టిఫిను కొట్ల దగ్గరే ఉంది. సుజాత అప్పటికే జీపు ఆపుకుని నా కోసం చూస్తోంది.

ఆకలిగా ఉండి కారం దోసె చెప్పాను, నలభై రూపాయలు. మా గోదావరి వైపు కారప్పొడి ప్లేటు అంచున పెడతారు, ఇష్టమైతే అద్దుకుంటాం. ఇక్కడ ఎర్ర కారం దోసె మీదే పూసి కాలుస్తారు, వద్దనే అవకాశం ఉండదు. రెండో ముక్కకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

దోసెలు పోస్తున్నామె గరిట ఆపి చూసింది. "ఏం సార్, గోదారోళ్లా?"

"ఎలా కనిపెట్టావమ్మా?"

"బెల్లం తినే మొహం తెలిసిపోద్ది లే సార్. టీ తాగండి, తగ్గుద్ది."

టీ తాగితే తగ్గలేదు సరికదా నాలుక భగ్గుమంది. గ్లాసు పట్టుకుంటే చేతికి గోరువెచ్చగానే ఉంది. నోట్లో మాత్రం మరిగే నీళ్లలా ఉంది. సుజాత అదే గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, "చల్లారిపోయింది బాబాయ్ ఇది" అంది.

ఆ తర్వాత ఆమె చెప్పిన మాటతోనే నా ప్రయాణం మొదలైందనుకుంటాను. నాలుక మీది నరాల కొసల్లో వేడికి తెరుచుకునే తలుపులు ఉంటాయట. కారం ఆ తలుపులనే తెరుస్తుంది. ఒకసారి అవి వదులయ్యాక గోరువెచ్చని టీ తగిలినా చాలు, బార్లా తెరుచుకుంటాయి. "నాలుకకు ఏ గాయమూ లేదు. మారింది నరం. చాలా గడ్డలు చేసే పని ఇదే. తమ చుట్టూ ఉన్న నరాలను రసాయనాల్లో నానబెడతాయి. ఆ తర్వాత తాడు తగిలినా, గాలి వీచినా పశువుకు నిప్పు తగిలినట్టుంటుంది."

నోరు మండుతుంటే శాస్త్రం ఇంత బాగా ఎక్కుతుందని నాకు తెలియదు. ఇంకో దోసె చెప్పాను.

తువ్వాలు కింద వేళ్లు

దక్షిణంగా వస్తుంటే దారిలో పశువుల సంత. అక్కడ సుజాత నన్ను మస్తాన్ భాయ్‌కి పరిచయం చేసింది. ఎద్దుల గిట్టలకు నాడాలు కొట్టడం ఆయన వృత్తి. సంత రోజున బేరాలు కూడా కుదురుస్తాడు. తెల్ల గడ్డం, భుజాన గళ్ల తువ్వాలు, నోట్లో వక్కపొడి.

ఇక్కడ ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ తువ్వాలు కింద కలుస్తాయి. వేళ్లు పట్టుకుని, నొక్కి, వదిలి మాట్లాడుకుంటారు. మొహాలు మాత్రం ఎటో చూస్తుంటాయి. మా వైపు కొబ్బరి బేరాలు వీధంతా వినిపిస్తాయి కాబట్టి నాకిది భలే వింతగా ఉంది.

"నోటితో అంటే పక్కనోడు వింటాడు సార్. వాడు విన్నాడంటే సంతంతా విన్నట్టే" అన్నాడు మస్తాన్ భాయ్. "రాండి, చెయ్యి పెట్టండి, నేర్పిస్తా."

ఆయన మాటలతో ఉత్సాహం వచ్చి తువ్వాలు కిందికి చెయ్యి తోశాను. లోపల ఉన్నది ఆయన చెయ్యి కాదు, పక్కనున్న రైతుది. ఏదో ఒకటి నొక్కాలి కదా అని రెండు వేళ్లు గట్టిగా నొక్కాను. ఆ రైతు మొహం వెలిగిపోయింది. "సరే, తోలుకో పో సామీ!" అంటూ ఒక కోడె పగ్గం నా చేతిలో పెట్టేశాడు.

సంతంతా నవ్వింది. కోడె కూడా నా చొక్కా నాకి సమ్మతి తెలిపింది. మస్తాన్ భాయ్ ఆ రైతు గడ్డం పట్టుకుని బతిమాలి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. తువ్వాలు భుజమెక్కితే బేరం లేనట్టే లెక్క. "రాజమండ్రిలో కట్టేసుకునేదానికి చోటుందా సార్, లిఫ్టులో ఎక్కించేదా?" అని ఆ తర్వాత చాలాసేపు ఏడిపించాడు.

నవ్వులు తగ్గాక సుజాత తువ్వాలు వైపు చూపించింది. "కణాలు మాట్లాడుకునేది కూడా ఇలాగే బాబాయ్. గడ్డలోని కణం ఒక అణువును బయటికి వదులుతుంది. దాన్ని పట్టుకునే చెయ్యి నరం మీద ఉంటుంది. అది పట్టుకోగానే నరం లోపల ఒకరి నుంచి ఒకరికి కబురు అందుతుంది, చివరికి తలుపు తెరుచుకుంటుంది. పైనుంచి చూసేవాడికి ఏమీ కనపడదు."

"మరి చప్పుడు చెయ్యని గడ్డలు?"

"వాటిలో కొన్ని ఇంకో వేలు నొక్కుతాయి. ఊరుకో అని. శరీరాన్ని కాపలా కాసే కణాలను నిద్రపుచ్చే అణువే నొప్పి నరాన్ని కూడా జోకొడుతుంది. ఎలుకల్లో చూశారు. ఆ అణువు పట్టు విడిపిస్తే, అంతవరకూ గడ్డ ఉన్నా హాయిగా తిరిగిన ఎలుక చిన్న తాకిడికే కాలు వెనక్కి లాక్కుంది."

మస్తాన్ భాయ్ ఇదంతా వింటూ వక్కపొడి నములుతున్నాడు. ఉన్నట్టుండి, "నొప్పి సంగతేమో గానీ మేడమ్, పొగరుకు మందుందా?" అన్నాడు. "ముత్తుకూరు పక్క పెంచలయ్య జత ఉండాది చూడండి, బంగారం లాంటి జత. దాంట్లో మైలోడు చెడిపోయినాడు. శుక్రవారం పొద్దున కొనేవోళ్లు వస్తా ఉండారు, నేనే కుదిర్చినా."

"ఏం చేస్తున్నాడు?"

"దాపట కడితే వలపటికి వాలిపోతా ఉండాడు." కాడికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు అని నాకోసం చేతులతో చూపించాడు. "సరే, ఆ పక్క ఇష్టమేమో, మార్చి కట్టండని నేనే చెప్పినా. మార్చినారు. కొన్నాళ్లు దొరబాబు మాదిరి లాగినాడు. మళ్లా మొదలుపెట్టినాడు. ఇప్పుడు ఏ పక్కా కుదరదంట ఆయనకి."

సుజాత మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. "ముక్కులోంచి నెత్తురు గానీ పడుతోందా?"

"కుడిపక్క కొంచెం. ముక్కుతాడు ఒరుసుకుంటాదిలే మేడమ్."

"రేపే వస్తున్నాం. అమ్మొద్దని చెప్పు భాయ్."

"కుదిర్చింది నేను, చెడగొట్టేదీ నేనేనా?" అన్నాడాయన. కానీ వస్తానన్నాడు.

కోవూరులో పులుసన్నం

ఆ మధ్యాహ్నం కోవూరులో ఆగాం. పెన్నకు ఇవతల వరి పొలాల మధ్య ఒక మెస్సు. ముందురోజు వండిన చేపల పులుసు, మామిడి ముక్కలు వేసినది. మేం కూడా పులుసు మర్నాడు తినడమే రుచి అంటాం, అయితే మామిడి ఎరగం. నేను మూడోసారి అన్నం పెట్టించుకున్నాను. వడ్డించే ఆయన "మొహమాటం లేని మనిషి సార్ మీరు" అని మెచ్చుకున్నాడు. భోజనం నూట ఇరవై, పులుసు మళ్లీ పోసినందుకు ఏమీ తీసుకోలేదు.

సుజాత మాత్రం కంచంలో వేళ్లు పెట్టి ఆలోచిస్తోంది. చివరికి రెండు అప్పడాలు పక్కపక్కన పెట్టింది.

"ఇవి రెండు ఎద్దులు. తలలు విడిపోకుండా లోపలి వైపు కొమ్ములకు తాడు చుడతారు. దాపటెద్దుకు లోపలి వైపుండేది కుడి కొమ్ము. ఆ కొమ్ము లోపల గడ్డ ఉందనుకోండి. తాడు ఒరుసుకున్నప్పుడల్లా ప్రాణం పోతుంది. కుడివైపుకు తల వాలుస్తుంది. చూసేవాళ్లకు అది పక్క మారతానని అడిగినట్టుంటుంది." అప్పడాలు అటూ ఇటూ మార్చింది. "వలపటికి మార్చగానే కుడి కొమ్ము బయటి వైపుకు పోయింది. తాడు లేదు. నొప్పి తగ్గింది. అందరూ ఏమనుకున్నారు? పక్క నచ్చిందనుకున్నారు."

"మరి మళ్లీ ఎందుకు మొదలైంది?"

"తాడు అక్కర్లేనంతగా గడ్డ పెరిగింది. నా అనుమానం నిజమైతే అది కొమ్ము క్యాన్సరు."

ఎడ్ల జతతో బతికినవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు అది. ఎడ్ల గురించి ఏమీ తెలియనివాడికి పక్క మార్చాలన్న ఊహే రాదు, ఆ కొద్దిరోజుల ఉపశమనమూ దొరకదు, అది చూసి మోసపోయి కాలం పోగొట్టుకోవడమూ ఉండదు. అప్పడాలు రెండూ నేనే తినేశాను. మైలోడిని చూడాలన్న ఆత్రంలో రుచి తెలియలేదు.

ఇసుకలో బండి

గురువారం ఉదయం ముత్తుకూరు మీదుగా వెళ్లాం. రోడ్డంతా పోర్టుకు వెళ్లే లారీలు. దూరంగా థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. రోడ్డు దిగి సముద్రం వైపు తిరిగితే లోకం మారిపోతుంది. రెండు వైపులా సన్నగా ఊగే సరుగుడు చెట్లు, కింద మెత్తటి ఇసుక. జీపు చక్రం సగం దిగబడింది. నేను దిగి తోశాను. తోసిన చోటే నా చెప్పు ఒకటి ఇసుకలో ఉండిపోయింది, ఇప్పటికీ అక్కడే ఉండాలి.

ఇక్కడ ఎద్దులు ఎందుకు మిగిలాయో ఆ చక్రమే చెప్పింది. నరికిన సరుగుడు వాసాలను తోపు లోపలి నుంచి రోడ్డుకు చేర్చాలంటే ట్రాక్టరు కూరుకుపోతుంది, ఎడ్లబండి కూరుకుపోదు. పెంచలయ్య, ఆయన భార్య రవణమ్మ ఆ పని మీదే బతుకుతారు. జత చెదిరితే బండి లేదు, బండి లేకపోతే పని లేదు. ఉన్న ఎద్దుకు సరిపడే కొత్త జోడు దొరకడం అంత తేలిక కాదు.

పెరట్లో మైలోడి జోడు ఎద్దు తెల్లోడు పందిరి కింద నీడన ఉన్నాడు. వాడి గంగడోలు మీద నిమ్మకాయంత గడ్డ, దాని మీద మందంగా పసుపు. రవణమ్మ మమ్మల్ని చూడగానే అటే తీసుకెళ్లింది. "మేడమ్మా, ముందు వీణ్ణి చూడండి. ఎంత గడ్డ లేచిందో, నోరులేని జీవం." సుజాత ఆ గడ్డను నొక్కింది, తిప్పింది, గిల్లింది. తెల్లోడు నెమరు ఆపలేదు.

మైలోడు ఎండలో, దూరంగా, పొట్టి తాడుతో గుంజకు కట్టేసి ఉన్నాడు. బూడిద రంగు ఒళ్లు, ఒక పక్కకు వాలిన తల. వాడి మీద పసుపు లేదు. వీపు మీద చర్నాకోల చారలు ఉన్నాయి.

"దగ్గరికి పోవాకండి, కుమ్ముతాడు" అన్నాడు పెంచలయ్య. సన్నటి మనిషి, మొహంలో నిద్రలేని అలసట. "రెండుసార్లు నన్నే కుమ్మినాడు. నేనేం చేసేది?"

గడ్డ కనిపించినవాడికి పసుపు, గడ్డ కనిపించనివాడికి కొరడా. నేనైనా అంతే చేసి ఉండేవాణ్ణి. సుజాత మెల్లగా పక్కనుంచి చేరి, రెండు కొమ్ముల మొదళ్లూ పట్టుకుని చూసింది. కుడిది వేడిగా ఉందంది. వేలితో ఎడమ కొమ్ము మీద కొట్టింది, గుల్లగా మోగింది. కుడి కొమ్ము మీద కొట్టబోయేలోపే మైలోడు తల విసిరాడు. మాతో వచ్చిన మస్తాన్ భాయ్ పట్టుకోకపోతే ఆమె కంచె మీద పడేది.

అప్పుడు ఆమె సూది తీసింది. తర్వాత జరిగింది మొదటే చెప్పాను.

కొమ్ము లోపల

తల లేచాక సుజాత కుడి కొమ్ము మీద కొట్టింది. తడిసిన గోడ మీద కొట్టినట్టు మందంగా మోగింది. మైలోడు కదల్లేదు.

"కొమ్ము మొదలంటా తీసెయ్యాలి. ఇప్పుడే మొదలుపెడితే మంచిది. ఆలస్యమైతే పుర్రె లోపలికి పాకుతుంది" అంది.

పెంచలయ్య తల పట్టుకున్నాడు. "పొద్దున కొనేవోళ్లు వస్తా ఉండారు మేడమ్. ఒంటికొమ్ము ఎద్దును ఎవురు కొంటారు? కోసినాక బతకకపోతే ఎద్దూ పోయె, బేరమూ పోయె."

"బతుకుతాడని రాసివ్వను పెంచలన్నా. కొయ్యకపోతే మాత్రం బతకడు. ఆ నొప్పి ఎవరి దగ్గర పడితే ఏం? కొన్నవాడూ కొడతాడు."

"పోనీ అమ్మేస్తే మన కంటికి కనపడదు గదా" అన్నాడు పెంచలయ్య, ఎవరి వైపూ చూడకుండా.

రవణమ్మ అంతవరకూ మైలోడి గంగడోలు నిమురుతోంది. నెలల తర్వాత వాడు ముట్టుకోనిచ్చాడు. ఆమె చెయ్యి తీయకుండానే మొగుడితో అంది: "నువ్వు కొట్టినావు, నేను నీడ ఇయ్యలా. ఇద్దరం తెలీక చేసినాం. ఇప్పుడు తెలిసి అమ్మితే ఏమంటారు దాన్ని? కొయ్యండి మేడమ్మా."

పెంచలయ్య మస్తాన్ భాయ్ వైపు చూశాడు. మస్తాన్ భాయ్ తువ్వాలు తీసి, ఇసుక దులిపి, మడిచి భుజాన వేసుకున్నాడు.

"వాళ్లకి ఫోను చేస్తా లే" అన్నాడు. "పక్క మార్చమని చెప్పిన నోరు గదా, ఈ మాట కూడా అదే చెప్పాలి. రా పెంచలా, పట్టు."

నాడాలు కొట్టేటప్పుడు ఎద్దును పడుకోబెట్టే పద్ధతిలోనే ఆయన తాళ్లు వేశాడు. మైలోడు ఇసుకలో మెత్తగా ఒరిగాడు. సుజాత ఇంకొంచెం మందు ఇచ్చి తీగ రంపం పట్టింది. నా పని వాడి కళ్ల మీద తడి గుడ్డ పట్టుకోవడం. గుడ్డ కింద కనురెప్ప నెమ్మదిగా కదులుతోంది. నాకు భయం వెయ్యలేదు. కొమ్ము లోపల ఏముందో చూడాలన్న ఆత్రమే ఎక్కువగా ఉంది.

కొమ్ము ఊడి వచ్చింది. గుల్లగా ఉండాల్సిన చోట కాలీఫ్లవర్ పువ్వులాంటి కండ, మధ్యలో చీము. వాసనకు పెంచలయ్య పక్కకు వెళ్లి వాంతి చేసుకున్నాడు. తిరిగి వచ్చి మళ్లీ తాడు పట్టుకున్నాడు.

సుజాత శుభ్రం చేసి, కట్టు కట్టి, ఈగలు వాలకుండా పైన మందు పూసింది. కొమ్ములోని కండ ముక్క ఒకటి సీసాలో వేసింది. లేచి నిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు పందిరి వైపు నడిచి, తెల్లోడి గడ్డ నుంచి కూడా చిన్న ముక్క తీసి రెండో సీసాలో వేసింది.

"వాడికి నొప్పి లేదు గదా మేడమ్మా" అంది రవణమ్మ.

"అందుకేనమ్మా" అంది సుజాత.

తాళ్లు విప్పగానే మైలోడు తూలుతూ లేచాడు. రవణమ్మ వాణ్ణి పందిరి కిందికి తోలి తెల్లోడి పక్కన కట్టేసింది. తర్వాత మాకు రొయ్యల వేపుడుతో అన్నం పెట్టింది. నాకు ఒక చెప్పే ఉందని చూసి పెంచలయ్య తన పాత రబ్బరు చెప్పులు తెచ్చిచ్చాడు. వద్దంటే వినలేదు. వాటితోనే నెల్లూరు స్టేషనుకు వచ్చాను, మలై కాజా పెట్టె చంకలో పెట్టుకుని.

రాజమండ్రి చేరాక

నేను ఇంటికి వచ్చిన తర్వాత సుజాత రెండుసార్లు ఫోను చేసింది. మైలోడి గాయం మానుతోందట. మేత తింటున్నాడు, పెంచలయ్య రోజూ కట్టు మారుస్తుంటే తల వంచి ఇస్తున్నాడు. కొమ్ములో ఉన్నది క్యాన్సరేనని తేలింది. దాని వేర్లు లోపల మిగిలాయో లేదో చెప్పడానికి ఇంకా కాలం పట్టాలి. వాణ్ణి మళ్లీ కాడికి కడితే ఏ పక్క కట్టాలన్న వాదన మాత్రం మస్తాన్ భాయ్ అప్పుడే మొదలుపెట్టాడట.

ఒకే పెరట్లో, ఒకే మేత తిన్న రెండు ఎద్దుల్లో ఒకదాని గడ్డ నరాన్ని ఎందుకు రెచ్చగొట్టింది, రెండోదాని గడ్డ ఎందుకు మౌనంగా ఉంది అని అడిగాను. ఎలుకల్లో తెలిసింది కొంత ఉంది, ఎద్దుల్లో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదంది.

తెల్లోడి సీసా ఫలితం, నేనిది రాసే రోజుకు, ఇంకా రాలేదు. రవణమ్మ పొద్దున లేవగానే ఆ గడ్డను నొక్కి చూస్తోందట. వాడు నెమరు ఆపడం లేదు.